పందొమ్మిదో అయస్కాంతం

మా బాబాయి కొలతల మనిషి. కణాలను వేగంగా తోలే యంత్రంలో, సొరంగం పొడవునా వరుసగా అమర్చిన అయస్కాంతాలు కాస్తయినా పక్కకు జరగకుండా చూడటం ఆయన ఉద్యోగం. ఆఫీసులో అందరూ ఆయన్ని ‘వెంట్రుకవాసి’ అనేవారు. ఇంట్లో గోడకు ఫొటో తగిలించాలన్నా గంట పట్టేది. పిన్ని విసుక్కుంటే, “ఫొటోలో వాళ్లకి లేని తొందర నీకెందుకే?” అనేవారు.

నేనూ అక్కడే చేరాను. నా పని కంప్యూటర్ ముందు. అయస్కాంతాల మధ్యగా సాగే గొట్టంలో దూసుకుపోయే కణాల్లో కొన్ని దారి తప్పి దాని గోడను తాకుతాయి. ఎక్కడ ఎన్ని తాకుతాయో ముందే లెక్కగట్టాలి. ఎక్కువ తాకిన చోట రేడియేషన్ పేరుకుని మనిషి అడుగుపెట్టలేడు.

ఆ ఏడాది పందొమ్మిదో అయస్కాంతం దగ్గర అలా కణాలు నష్టపోవడం పెరిగింది. కంప్యూటర్లో పది లక్షల కణాలను వదిలి చూశాను. ఆ అయస్కాంతం అర మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకుని లెక్కిస్తే నా గ్రాఫు అసలు నష్టంతో అచ్చుగుద్దినట్టు సరిపోయింది. గాలి తోడేశాక కూడా గొట్టంలో కాస్త మిగిలిపోతుంది, దాన్ని గుద్దుకుని కూడా కణాలు దారి తప్పుతాయి. ఆ గాలిని లెక్కలోకి తీసుకుంటే ఇంకో వారం పట్టేది. పైగా, సొంత బాబాయిని కాపాడటానికి వేరే కారణం వెతుకుతోందని అంటారేమోనన్న భయం. వదిలేశాను.

మీటింగులో గ్రాఫు చూపించగానే బాబాయి లేచారు.

“నేను పెట్టిన చోటే ఉంటుందండీ అది. ఒక్కసారి లోపలికి పంపండి, కొలిచి చూపిస్తాను.”

“రేడియేషన్ తగ్గాలి కదా. యంత్రం ఆపేసే పెద్ద షట్‌డౌన్ దాకా ఎవర్నీ పంపలేం,” అన్నారు డైరెక్టరు.

బాబాయి నా వైపు తిరిగారు. “నీ లెక్కలో ఇంకేమీ వదిలెయ్యలేదు కదమ్మా?”

“లేదు,” అన్నాను.

వారం తిరక్కుండా ఆయన్ని స్టోర్సుకు మార్చారు. చేతి తొడుగులు ఇచ్చి సంతకం తీసుకునే పని. క్యాంటీన్లో ఎదురుపడితే “తిన్నావా?” అని అడిగేవారు, అంతే. అయిదో నెలలో స్టోర్సు కౌంటరు వెనకే కుప్పకూలారు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

షట్‌డౌన్‌లో కొత్త సర్వేయరు లోపలికి వెళ్లి కొలిచి వచ్చాడు. “పందొమ్మిదోది గీటు మీద ఉంది మేడమ్. ఎవరు పెట్టారో గానీ చెయ్యి తిరిగిన మనిషి.”

దాని పక్కనే గొట్టం అతుకులో గాలి చొరబడే సన్నని లీకు దొరికింది. ఆ గాలిని కలిపి మళ్లీ కణాలను వదిలాను. అయస్కాంతాన్ని కదపకుండానే గ్రాఫు సరిపోయింది.

డైరెక్టరుకు అంతా రాసిచ్చి, సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్లాను. వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది. నిలబడే చెప్పేశాను.

“వదిలేశావన్న సంగతి అప్పుడే నీకు తెలుసా?” అంది.

“తెలుసు పిన్నీ.”

తిడుతుందనుకున్నాను. గిన్నె పక్కన పెట్టి పీట మీద కూర్చుంది.

“రోజూ భోజనమయ్యాక కాగితం మీద గీసి చూపించేవారు. ‘చూడవే, ఇది జరిగే ప్రశ్నే లేదు’ అని. నేనేమన్నానో తెలుసా? ‘పోనీలెండి, అది మన పిల్ల. మీ తప్పు లేకపోతే మీ మీద చెబుతుందా?’ అన్నాను. ఆ తర్వాత ఇంక గీయలేదు.”

చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు, తిరిగి పట్టుకోనూ లేదు. కాసేపటికి గదిలోకి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. గుమ్మంలో చాలాసేపు కూర్చుని లేచాను.

“తలుపు దగ్గరగా వేసి వెళ్లు,” అంది, ఇటు తిరగకుండానే.