రెండో పిలుపు

పిలవని పేరంటానికి వెళ్ళకూడదని మా అమ్మ నాకు చిన్నప్పుడే నేర్పింది. అడగని వాళ్ళని పదే పదే పిలిచి ప్రాణం తీయకూడదని మాత్రం నేర్పలేదు పాపం. అలాంటి ఉద్యోగం ఒకటుంటుందని, అది తన కూతురే చేస్తుందని ఆవిడకేం తెలుసు!

నా పేరు జయంతి. మాది తణుకు, ఇప్పుడుండేది ప్రగతి నగర్‌లో. మా అమ్మాయి కావ్య కాలేజీలో చేరాక ఇంట్లో గోడలతో మాట్లాడే స్థితికొచ్చి, మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో సేల్స్‌లో చేరాను. ఫ్యాక్టరీలో ఏ మిషన్‌కి ఎప్పుడు సర్వీసింగ్ చేయించాలో ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ మాది. దాన్ని అమ్మడం నా పని కాదు. అమ్మేవాళ్ళ మాట వినడానికి ఫ్యాక్టరీ వాళ్ళని ఒప్పించి ఆన్‌లైన్ మీటింగ్‌కి తీసుకురావడం నా పని. నా గొంతు కాస్త పెద్దది. నేను ఫోన్ ఎత్తితే పక్క సీట్లో పిల్లలు "మేడమ్‌కి ఫోన్ అక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు" అని ఏడిపించేవాళ్ళు.

మెయిల్ పెడితే ఎవరూ పలకరు. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నానండి" అంటారు, వెనక కుక్కర్ కూత పెడుతూ ఉంటుంది. అందుకని మా మేనేజర్ ఆరోన్ ఒక పద్ధతి పెట్టాడు. పలకని వాళ్ళని ఇక అడగొద్దు, సరాసరి వాళ్ళ ఫోన్ క్యాలెండర్లో మీటింగ్ పెట్టేసి ఇన్వైట్ పంపేయాలి. ఇష్టమైతే వాళ్ళు 'ఎస్' నొక్కుతారు. నొక్కాక మాత్రం మనం ఫోన్ చేయకూడదు. చేస్తే రానని చెప్పే అవకాశం మనమే ఇచ్చినట్టు.

"ఇదేం మర్యాద బాబూ? ముక్కూ మొహం తెలియని వాళ్ళ శుక్రవారాన్ని మనం రాసేసుకోవడమేంటి?" అన్నాను మొదటి వారమే.

"సేల్స్‌లో గిట్లనే ఉంటది మేడమ్," అన్నాడు ఆరోన్. లింగంపల్లి కుర్రాడు, నాకంటే బాగా చిన్నవాడు. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతు అతనిది. ఎంత చేదు మాటయినా మెత్తగానే చెబుతాడు. ఆ మెత్తని గొంతుతోనే ఒకరోజు నన్ను పిలిచి చెప్పాడు. "మేడమ్, ఈ నెలాఖరుకి మీ ప్రొబేషన్ అయిపోతది. ఒక్క మీటింగన్నా జరిగినట్టు చూపించాలె. లేకపోతే పైవాళ్ళు మిమ్మల్ని ఉంచరు. నా చేతిలో ఏం లేదు."

నాకు ఆ రోజు అన్నం సహించలేదు. అదేం గొప్ప ఉద్యోగం కాదు, నాకూ తెలుసు. కానీ పొద్దున్నే బస్సు దిగి అంతమంది జనంలో పడి నడుస్తుంటే, మెడలో కార్డు మీద నా ఒక్కదాని పేరే ఉంటే, నాకు కళ్ళనీళ్ళు తిరిగేంత సంతోషంగా ఉండేది. అక్కడ నేను కావ్య వాళ్ళమ్మని కాదు, మూర్తిగారి భార్యని కాదు. దాన్ని వదులుకోవడం నా వల్ల కాదు.

నేను పంపిన అన్ని ఇన్వైట్లలో 'ఎస్' నొక్కినది ఒక్కరే. బాలానగర్‌లో ఇనప పార్టులు చెక్కే లేత్ మిషన్ల షెడ్డు నడిపే చెన్నకేశవులు గారు. అయితే ఆయన నొక్కడమే గానీ రావడం లేదు. శుక్రవారం పదకొండింటికి నేనూ ఆరోనూ స్క్రీన్ ముందు కూర్చోవడం, చూసి చూసి లేవడం. బయటికి రాగానే పిల్లలు "పెళ్ళికొడుకు మళ్ళీ పారిపోయాడా మేడమ్?" అనేవాళ్ళు. నేనూ నవ్వేసి మళ్ళీ వారానికి మళ్ళీ ఇన్వైట్ పెట్టేదాన్ని. ఆయన మళ్ళీ 'ఎస్' నొక్కేవారు.

నెలలో ఆఖరి శుక్రవారం వచ్చింది. పొద్దున తల దువ్వుకుంటుంటే ఒళ్ళు మండింది నాకు. రానప్పుడు వస్తానని చెప్పడం ఎందుకు? బొట్టు పెట్టి పిలవాలా ఏం? పిలుస్తాను, అదీ చూద్దాం. ఆఫీసుకి వెళ్ళే బస్సు వదిలేసి బాలానగర్‌కి ఆటో ఎక్కాను. ఆయన్ని నాలుగు కడిగేద్దామనే వెళ్ళాను, దాచడమెందుకు.

షెడ్డు దొరికేసరికి పదకొండు కావస్తోంది. సగం మిషన్లు తిరుగుతున్నాయి, సగం ఖాళీగా ఉన్నాయి. నేను గేటు దాటుతుండగానే తిరిగేవి కూడా ఒక్కొక్కటే ఆగిపోయాయి. చేతులకి నల్లగా గ్రీజు ఉన్న ఒక మనిషి ఎదురొచ్చాడు. తర్వాత తెలిసింది, పేరు నర్సయ్య.

"జర ఆగున్రి మేడమ్. సార్‌కు మీటింగ్ ఉన్నది. హైటెక్ సిటీ కంపెనీవాళ్ళు మాట్లాడతరు. సప్పుడు ఉండొద్దని శుక్రవారం గీ టైముకు మిషన్లన్నీ బంద్ పెడతం," అన్నాడు గుసగుసగా.

నా కోపమంతా ఆ గేటు దగ్గరే దిగిపోయింది.

లోపల చిన్న గదిలో ఒక పెద్దాయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా బల్ల మీద గ్రీజు డబ్బాకి ఆనించి ఫోన్ నిలబెట్టి ఉంది. పక్కన రెండు ఖాళీ కుర్చీలు, చాయ్ ఫ్లాస్కు, పేపరు కప్పిన ప్లేటులో ఉస్మానియా బిస్కెట్లు.

"నేనండీ, జయంతిని. మీకు ఇన్వైట్లు పంపేది నేనే," అన్నాను.

ఆయన గబుక్కున లేచి నిలబడ్డారు. "వచ్చినవా బిడ్డా! ఇన్నిసార్లు పిలిచినోళ్ళు ఎన్నడో ఒకనాడు రాకుంట ఉంటరా అనుకుంటనే ఉన్న. కూసో, కూసో."

"మరి మీరు ప్రతిసారీ వస్తానని నొక్కి, రాలేదేమండీ?"

"నేనెక్కడికి రావాలె? గీడనే కూసున్న గద. మీరు ఫోన్ చేస్తరని చూసిన, చేయకపోతిరి. పెద్ద కంపెనీ, ఎన్ని పనులుంటయో, వచ్చే వారం చేస్తరులే అనుకున్న. మెయిల్‌కు జవాబు రాద్దామంటే నాకు ఇంగ్లీషు రాదు. దీనికైతే ఒక్క నొక్కుడే. నొక్కిన."

లింకు నొక్కి లోపలికి రావాలని ఆయనకెవరూ చెప్పనేలేదన్నమాట. తల కొట్టేసినట్టయింది నాకు. మా తణుకులో ముందురోజు భోజనానికి పిలిచినా సరే, విస్తళ్ళు వేశాక ఇంకోసారి మనిషి వెళ్ళి "రండి, వడ్డిస్తున్నాం" అని చెప్పి తీరాలి. ఆ రెండో పిలుపు రాందే ఎంత ఆకలేసినా ఎవరూ గడప దాటరు. అది చూస్తూ పెరిగినదాన్ని, నొక్కాక ఫోన్ చేయొద్దన్న రూలు పట్టుకుని వేలాడాను. ఈయనేమో తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నారు.

"ఇగ చెప్పు బిడ్డా," అన్నారాయన ముందుకు వంగి. "ఏం పార్టులు గావాలె మీకు? ఎన్ని గావాలె? మిషన్లు సగం ఖాళీగనే ఉన్నయి. పనోళ్ళకు పని చూపెట్టలేక పరేషాన్ల ఉన్న."

నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. "మేం మీకు పని ఇస్తామనుకున్నారా?"

"మరి? అమ్మేటోడు మన కాడికే వచ్చి గేటు కాడ నిలబడతడు. పిలిచేటోడు కొనేటోడే. బాలానగర్‌ల నా జిందగీ అంత గిదే చూసిన."

నర్సయ్య గుమ్మంలో నిలబడి నా మొహం వంకే చూస్తున్నాడు. అతని వెనక ఇంకో ఇద్దరు. నేను నోరు మూసుకుని ఆ ఫోన్‌లో లింకు నొక్కితే చాలు, మీటింగ్ జరిగినట్టే, నా ఉద్యోగం నిలబడినట్టే. మిగతాది ఆరోన్ తన మెత్తని గొంతుతో చెప్పుకుంటాడు. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నోరు మూసుకున్నాను కూడా. కానీ ఆ బిస్కెట్ల ప్లేటు చూస్తూ నా వల్ల కాలేదు.

"లేదండీ. మేం కొనేవాళ్ళం కాదు, అమ్మేవాళ్ళం. మీలాంటి వాళ్ళని ఎంతోమందిని పిలుస్తాను, ఎవరూ పలకరు. మీరొక్కరే పలికారు. అందుకని మిమ్మల్నే పట్టుకుని వదల్లేదు. ఈరోజు మీటింగ్ జరక్కపోతే నన్ను తీసేస్తారు. అయినా సరే, మిమ్మల్ని మోసం చేసి కూర్చోబెట్టలేను. మిషన్లు వేయించండి, నేను వెళ్తాను." ఏడుపు వచ్చేసింది. సిగ్గు కూడా వేసింది.

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. తిడితే బాగుండు అనుకున్నాను. తిట్టలేదు. "పోయి చాయ్ తాగున్రి," అని నర్సయ్య వాళ్ళని పంపించి, ఫ్లాస్కులోంచి రెండు కప్పుల్లో వంపి ఒకటి నా వైపు జరిపారు.

"తాగు. నీకోసమే తెప్పించిన గద."

అంతలో ఫోన్ టింగుమంది. పదకొండయింది.

"ఏది నొక్కాలె?" అన్నారు.

"వద్దండీ. మీకెందుకు?"

"ఇన్ని శుక్రవారాలు మిషన్లు బంద్ పెట్టి కూసున్న. ఇదొక్కటన్న దండుగ కావద్దు. ఫికర్ చెయ్యకు, నొక్కు బిడ్డా."

నొక్కాను. స్క్రీన్ మీద ఆరోన్ ఒక్కడే దిగులుగా కూర్చుని ఉన్నాడు. ఒకే బల్ల వెనక మా ఇద్దర్నీ చూసి నోరు తెరిచాడు.

"నమస్తే బాబూ. నేను చెన్నకేశవులు. ముందే చెప్తున్న, నేనేం కొనను. గని ఈమె పిలిచింది, నేను వచ్చిన. మీటింగ్ అయినట్టే గద?"

"అ... అయినట్టే సార్."

"అయితే నా ముంగటనే రాసుకో. నేను చూస్త."

ఆరోన్ మా కళ్ళముందే రాసుకున్నాడు.

"ఇంకో ముచ్చట. పిలిస్తే పిలిచిన్రు గని, పొద్దుగాల ఒక ఫోన్ కొట్టున్రి. అవతల మనిషి ఎదురుచూస్తడు," అన్నారు పెద్దాయన. ఆరోన్ తల వంచుకుని "సరే సార్" అన్నాడు.

నా ఉద్యోగం నిలబడింది. రూలు మాత్రం మార్చేశాను. 'ఎస్' నొక్కిన వాళ్ళకి పొద్దున్నే ఫోన్ చేసి "వస్తున్నారు కదండీ?" అని అడుగుతున్నాను. కొందరు రామంటున్నారు. అననీ. కొందరు వస్తున్నారు. కానీ మొదట్లో ఎవరితో మాట్లాడుతున్నా ఆ ఖాళీ మిషన్లే కళ్ళముందుకొచ్చేవి.

కొన్ని వారాలకి ఒక గురువారం నా ఫోన్‌కే ఒక ఇన్వైట్ వచ్చింది. శుక్రవారం, పదకొండు గంటలకి. దేని గురించో రాయాల్సిన చోట ఒక్క అక్షరం లేదు. పంపినవారు చెన్నకేశవులు. ఇంతమందిని పిలిచిన నన్ను తిరిగి పిలిచినవాళ్ళు అంతవరకు ఒక్కరు లేరు. 'ఎస్' నొక్కాను.

శుక్రవారం పొద్దున ఆరోన్‌కి చెప్పి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది.

"బిడ్డా, చాయ్ పెట్టిపిస్తున్న. వస్తున్నవు గద?"

ఆయన గొంతు వెనక పెద్ద రొద. పోయినసారి విన్నదానికి రెండింతలుంది. "ఆ చప్పుడేంటండీ?" అన్నాను.

"పని తగిలింది బిడ్డా, గది చెప్దామనే నిన్ను పిలిచిన. మిషన్లన్నీ తిరుగుతున్నయి. నువ్వు వచ్చేసరికి బంద్ పెట్టిస్త, నిమ్మళంగ మాట్లాడుకుందం."

"వద్దండీ, ఒక్కటి కూడా ఆపొద్దు!" అని అరిచాను. ఆఫీసంతా తిరిగి చూసింది. "తిరగనివ్వండి. నేను గట్టిగా మాట్లాడతాను."