నాలుగు సెంట్ల సరుకు

మార్చి వచ్చినా కెనడా ఉత్తరాన ఉన్న మా టిమ్మిన్స్‌లో సరస్సు మీద మంచు రెండడుగుల మందాన అలాగే ఉంది. ఆ మంచు మీద వేసుకున్న నా చేపలు పట్టే గుడిసెలోకి ఆర్మాండ్ వచ్చి, బూట్లయినా దులుపుకోకుండా ఒక ఉత్తరం నా ఒళ్ళో పడేశాడు.

"చదవరా ఐనో. గట్టిగా చదువు. ఆ చేపలు కూడా వినాలి."

ఆర్మాండ్ ముప్పై ఏళ్ళ కిందట దోమల్లో, బురదలో తిరిగి క్రూకెడ్ పాడిల్ గుట్టల్లో బంగారం జాడ పట్టినవాడు. ఆ జాగాను కంపెనీకి ఇచ్చి, డబ్బుకు బదులు షేర్లు తీసుకున్నాడు. మా ఊళ్ళో బంగారం వెతికేవాళ్ళందరికీ ఉన్న జబ్బే అది. ఇప్పుడు ఆ కంపెనీకి ప్రెసిడెంటు టొరంటోలో ఉండే హాలోవే. మూడేళ్ళుగా ఒక్క అడుగు డ్రిల్లింగు చేయించలేదు. ఆఫీసు మాత్రం ఆరో అంతస్తు నుంచి పన్నెండో అంతస్తుకు ఎక్కించాడు.

వాణ్ణి దింపాలంటే వాటాదారుల సమావేశం పిలవాలి. పిలవాలంటే చేతిలో నూటికి అయిదు వంతుల షేర్లుండాలి. కంపెనీ మొత్తం షేర్లు ఎనిమిది కోట్లలో ఆర్మాండువి నలభై రెండు లక్షలు. అయిదుకు కాస్త పైనే. పోయిన వారం సమావేశం పెట్టమని ఉత్తరం రాశాడు. ఇది దానికి జవాబు.

కంపెనీ పోయిన నెలాఖరున ఎనభై లక్షల కొత్త షేర్లు అమ్మిందట. ఆర్మాండు వాటా ఇప్పుడు నూటికి నాలుగూ ముప్పావు. కాబట్టి అడిగే హక్కు లేదట. కింద 'మీ దీర్ఘకాల ఆదరణకు కృతజ్ఞతలు' అని కూడా ఉంది.

"నా షేర్లు నా దగ్గరే ఉన్నాయి. ఒక్కటీ అమ్మలేదు. మరి వాటా ఎట్లా తగ్గిందిరా?"

"గంజి అదే, నీళ్ళు పోశాడు," అన్నాను.

"అది సరే, కొన్నదెవరు? బజారులో ఏడు సెంట్లుంటే వీడు నాలుక్కే అమ్మాడంట! మూడేళ్ళ నించి వాణ్ణి దొంగ, దొంగ అని తిడుతున్నాం గదా, మళ్ళీ వాడికే డబ్బు పోసిన గాడిద ఎవడు?"

హాలోవే నాకు ఫిబ్రవరిలో ఫోన్ చేశాడు. పాత మిత్రులకే చెబుతున్నానన్నాడు. దొంగ అని నాకూ తెలుసు. కానీ ఏడు సెంట్ల సరుకు నాలుక్కి వస్తానంటే మా ఊళ్ళో ఎవడి చెయ్యీ ఆగదు. మంచు మీద తిరిగే బండి కొందామని దాచిన పదివేల డాలర్లు పంపాను. అప్పుడు ఆర్మాండు గుర్తుకు రాలేదు. సిగ్గుచేటు.

పొయ్యిలో ఇంకో కట్టె వేశాను.

"నేనేరా. వాడే ఫోన్ చేసి ఇస్తానన్నాడు," అన్నాను.

ఆర్మాండ్ నా వైపు చూళ్ళేదు. మంచులో తొలిచిన రంధ్రంలోకి చూస్తూ కూర్చున్నాడు. గేలం తాడు కదిలింది. ఇద్దరం పట్టించుకోలేదు.

"ఎన్ని?"

"రెండున్నర లక్షలు."

ఉత్తరం వెనక పెన్సిలుతో లెక్క వేశాడు. రెండుసార్లు వేశాడు. నావీ ఆర్మాండువీ కలిపితే అయిదు దాటుతోంది. ఇద్దరూ కలిసి అడగొచ్చని అతనికి లాయరు ముందే చెప్పాడు.

జేబులోంచి ఖాళీ కాగితం తీసి, సమావేశం పెట్టమని అదే పెన్సిలుతో మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు. రాయడం అయ్యాక నా ముందు పెట్టాడు. సంతకానికి తీసిన పెన్నులో సిరా గడ్డకట్టింది. పొయ్యి దగ్గర పెట్టి కరిగించాను. సంతకం చేశాను.

"వాడు పోతే నీ పదివేలు ఏమవుతాయో తెలీదు," అన్నాడు.

"ఉంటే ఏమవుతాయో తెలుసు."

ఆర్మాండ్ కాగితం మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. లేవలేదు. అయ్యిందనుకుంటే ఇంకా ఏదో ఉంది.

"నీకు చేశాడు. నాకెందుకు ఫోన్ చెయ్యలేదురా వాడు?" అన్నాడు.

"చేస్తే నువ్వు కొనేవాడివా ఏంటి?"

ఆర్మాండ్ గేలం తాడు సర్దాడు.

"పది లక్షలు," అన్నాడు.