మాయ పోయాక

సెలూన్‌లో ఆమె ముందు కూర్చున్న ఏ మనిషికైనా, గర్భంతో ఉన్న ఆమె కడుపు గురించి ఒక సలహా పారేయనిదే క్రాఫు పూర్తయ్యేది కాదు. "పొట్ట చిన్నగా ఉందే, సరిగా తినట్లేదా?" అని అద్దంలో చూస్తూ అడిగేవారు. చేతిలో కత్తెర ఉంది కదా అని ఆమె నోరు అదుపులో పెట్టుకునేది. ఇంట్లో అత్తదీ అదే పాట. ఆమె గొంతుదాకా తినేది. కాళ్లు చెప్పుల్లో పట్టనంతగా వాచాయి తప్ప కడుపులో బిడ్డ పెరగలేదు.

స్కానింగ్ చూసి డాక్టరమ్మ తేల్చి చెప్పింది.

"నువ్వు తిన్నది బిడ్డకి అందాలంటే మధ్యలో మాయ బాగా పనిచెయ్యాలి. నీకది మొదట్లోనే గర్భసంచికి సరిగా అతుక్కోలేదు. రక్తం చాలినంత అందట్లేదు. నీ బీపీ ఇంత పెరగడానికి మూలం కూడా అదే. ఇందులో నీ తప్పేం లేదమ్మా."

ఆ చివరి మాట అత్త చెవిన పడిందో లేదోనని ఆమె వెనక్కి తిరిగింది. అత్త తలుపవతల ఫోన్లో, "ఎంత పెట్టినా ఒంటికి పట్టట్లేదట" అని ఎవరికో చెబుతోంది.

నెలలు నిండకముందే ఆపరేషన్ చేశారు. గుప్పెడంత ఆడపిల్ల. అయినా గుక్కపట్టి ఏడ్చింది, గాజుపెట్టె అవసరం లేకుండానే గట్టెక్కింది. మాయ కూడా బయటికొచ్చేసింది కనుక పీడ వదిలిందనుకున్నారందరూ.

ఇంటికొచ్చాక తల పగిలిపోయే నొప్పి పట్టుకుంది. కళ్ల ముందు మెరుపులు.

"నిద్ర చాలక. బాలింతలకి మామూలే," అంది అత్త.

"మాయే పోయిందిగా, ఇంకా బీపీ ఏంటి?" అన్నాడు భర్త, ఫోన్లోంచి తలెత్తకుండా.

"అది పోయినా దాని ప్రభావం వెంటనే పోదని డాక్టరమ్మ చెప్పింది. నువ్వూ అక్కడే ఉన్నావు."

"రేపు చూద్దాంలే."

ఆమెకు ఒళ్లు మండింది. బిడ్డను అతని ఒళ్లో పెట్టి, చెప్పులేసుకుని, వీధి చివర టాక్సీ ఎక్కేసింది.

ఆసుపత్రిలో బీపీ చూసిన నర్సు డాక్టరమ్మ కోసం పరిగెత్తింది. వెంటనే మంచమెక్కించి చేతికి సెలైన్ పెట్టారు. పాపను భుజాన వేసుకుని భర్త రొప్పుతూ వచ్చేసరికి డాక్టరమ్మ అక్కడే ఉంది.

"ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవి. బీపీ కొన్ని వారాల్లో దిగొచ్చు. కానీ ఇలాంటి కాన్పు అయినవాళ్లకి ముందుముందు గుండెజబ్బు భయం ఎక్కువ. ఏటా పరీక్ష చేయించాలి."

"అంటే జన్మంతానా?" అన్నాడతను ఉసూరుమంటూ.

"చేయించుకోవాల్సింది నేనైతే నీరసం నీకొచ్చిందా?" అంది ఆమె.

పాప ఏడుపందుకుంది. సెలైన్ లేని చెయ్యి చాపి, "ముందు పిల్లని ఇటివ్వు," అంది.