నలభయ్యో బకెట్టు

తొవాదెర్ బతికున్నన్నాళ్ళూ తెల్లవారుజామున నాలుగింటికే బట్టీ ముట్టించేవాడు. మార్చిలో చనిపోయాక మాత్రం ఆరింటికిగానీ వచ్చేవాడు కాదు. "ఇప్పుడు దూరం పెరిగిందే, ఏం చెయ్యను?" అనేవాడు భార్య అగ్లయతో. మేకుకున్న ఏప్రాన్ కట్టుకుని, పిండితొట్టి ముందు నిలబడి, "నీళ్ళున్నాయటే?" అని అడిగేవాడు. అగ్లయ కూజా నింపి పెట్టేది. అవి చాలక పిండిలో కలపాల్సిన నీళ్ళు కూడా గటగటా తాగేసేవాడు. పిండి బిరుసెక్కకుండా ఆవిడ రోజూ ఒక చెంబు ఎక్కువ పోసేది. అలా అలవాటైపోయింది.

ఊళ్ళో ఎవరికీ ఇందులో వింతేమీ కనపడలేదు. జడలా అల్లి గుండ్రంగా చుట్టే కొలాక్ రొట్టె తొవాదెర్ చేతిలో వచ్చినట్టు ఇంకెవరి చేతిలోనూ రాదు, వాళ్ళకి కావలసింది అది. కిటికీలోంచి "ఏం తొవాదెర్, చలిగా ఉందా?" అని పలకరించి, రొట్టె కొనుక్కుని పోయేవారు.

గొడవంతా బ్యాంకుతోనే. దుకాణం ఖాతా తొవాదెర్ పేరున ఉంది. ఖాతాలో డబ్బు లేకపోయినా పిండిమిల్లు బిల్లు చెల్లిపోయేలా ఓవర్‌డ్రాఫ్ట్ ఉంది. దాన్ని ఏటా జూన్‌లో సంతకం పెట్టి కొనసాగించుకోవాలి. పొరుగింటి కొద్రుత్సా ఆ బ్యాంకులోనే పనిచేస్తుంది, కాగితం తనే పట్టుకొచ్చింది. తొవాదెర్ చెయ్యి తుడుచుకుని ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టాడు. సాయంత్రానికి కాగితం మీద చిటికెడు పిండి తప్ప ఏమీ మిగల్లేదు. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ రద్దు చేసింది. అప్పట్నుంచి మిల్లు బిల్లు వచ్చినప్పుడల్లా జరిమానా, ఆ జరిమానాతో ఖాతా ఇంకా కిందికి దిగడం, దాని మీద మళ్ళీ జరిమానా. నవంబరుకి జరిమానాలే రెండువేల మూడువందల లెయ్ అయ్యాయి. ఇక సోమవారం నుంచి బస్తాలు దింపనని మిల్లువాడు తెగేసి చెప్పాడు. బస్తాలు రాకపోతే ముప్పై ఒక్కేళ్ళ బట్టీ చల్లారిపోతుంది.

జరిమానాలు తీసెయ్యమని అగ్లయ మూడు అర్జీలు పెట్టింది. నాలుగోసారి, మంగళవారం నాడు, తనే బ్యాంకుకి వెళ్ళి కొద్రుత్సా కౌంటరు ముందు నిలబడింది.

"నీ ఎదురుగానే కదే సంతకం పెట్టాడు! చూశావా లేదా?"

"చూశాను పిన్నీ. పై ఆఫీసుకి అదే రాశాను. నేను చూస్తే చాలదట, కాగితం మీద కనబడాలట."

"అయితే ఆ డబ్బు పోయినట్టేనా?"

"ఒక దారుంది. ఖాతాదారు చనిపోయాడని ధ్రువపత్రం ఇస్తే, ఆ రోజు నుంచి వేసిన జరిమానాలన్నీ తిరిగిచ్చేస్తారు. ఖాతా, ఓవర్‌డ్రాఫ్ట్ నీ పేరుకి మారతాయి. ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదు?"

"రోజూ పనిలోకొచ్చే మనిషిని పోయాడని ఎలా చెప్పనే?"

"వాళ్ళూ అదే అంటున్నారు. గురువారం తనిఖీకి మనిషి వస్తాడు. తొట్టి దగ్గర బాబాయి కనిపించాడంటే ఆ కాగితం చెల్లదు." కొద్రుత్సా గొంతు తగ్గించింది. "మా గుమ్మం మీద ముప్పైతొమ్మిది గీతలే ఉన్నాయి పిన్నీ."

అగ్లయ సంచీ తీసుకుని బయటికి నడిచింది.

ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం, పోయినవాళ్ళ పేరున రోజుకో బకెట్టు చొప్పున నలభై రోజులు పొరుగింటికి నీళ్ళు మొయ్యాలి. అందుకున్నవాళ్ళు గుమ్మం మీద గీత గీస్తారు. నలభయ్యోది చేరాకే పోయిన మనిషికి దాహం తీరి, దారి దొరుకుతుంది. అగ్లయ ముప్పైతొమ్మిది మోసింది. నలభయ్యో రోజు బకెట్టు నింపి, పొద్దంతా దాని పక్కనే కూర్చుని, చివరికి ఆ నీళ్ళు పెరట్లో గులాబీ మొక్కకి పోసేసింది. లెక్క తప్పానని అడిగినవాళ్ళకి చెప్పింది. లెక్కేమీ తప్పలేదు.

ఇంటికొచ్చేసరికి తొవాదెర్ ఆఖరి రొట్టెలు అల్లుతున్నాడు. "నీళ్ళున్నాయటే?" అన్నాడు. అతని పెదాలు పగిలి ఉన్నాయి. ఎనిమిది నెలలుగా ఆవిడ వాటిని చూస్తూనే ఉంది, చూడనట్టు నటిస్తూనే ఉంది.

"తెలిసే చేశాను," అంది అగ్లయ.

"తెలుసే."

"మరి తిట్టవేం?"

"మిల్లువాడికి పది లెయ్ బాకీ ఉంటే నీకు నిద్రపట్టదు. నాకు మాత్రం ఒక బకెట్టు బాకీ పెట్టి హాయిగా పడుకున్నావు, గడుసుదానా!"

"హాయిగానా?" అంది అగ్లయ, అంతే, ఏడుపు ఆపుకోలేకపోయింది. తొవాదెర్ పిండి చేత్తోనే ఆవిడ తల నిమిరాడు. తర్వాత, నలభయ్యో బకెట్టు మీద పెట్టి ఇవ్వడానికి ఒక చిన్న కొలాక్ అల్లి, కాల్చి, చల్లారేదాకా చేతిలోనే పట్టుకున్నాడు.

బుధవారం సాయంత్రం అగ్లయ బావిలోంచి నీళ్ళు తోడింది. పొరుగిల్లు ఇరవై అడుగులు. నాలుగుచోట్ల ఆగింది. కొద్రుత్సా రొట్టె అందుకుని, ఒక గుక్క తాగి, "బాబాయికి చేరుగాక" అని నలభయ్యో గీత గీసింది. తిరిగొచ్చి చూస్తే ఏప్రాన్ మేకుకి వేలాడుతోంది. కూజాలో సగం నీళ్ళు అలాగే ఉన్నాయి. అతను నీళ్ళు మిగల్చడం అదే మొదటిసారి.

గురువారం తనిఖీ మనిషి వచ్చాడు. తొట్టి దగ్గర అగ్లయని ఒక్కదాన్నే చూసి, ఆవిడిచ్చిన ధ్రువపత్రం మీద ముద్ర వేసి, రెండు రొట్టెలు కొనుక్కుని వెళ్ళాడు. శుక్రవారం బ్యాంకుకి వెళ్ళేసరికి రెండువేల మూడువందల లెయ్ పైసాతో సహా ఖాతాలో పడ్డాయి. ఓవర్‌డ్రాఫ్ట్ కాగితం మీద అగ్లయ సంతకం పెట్టి, సాయంత్రం బ్యాంకు మూసేలోగా మళ్ళీ వెళ్ళి ఆ కాగితం చూపించమని కొద్రుత్సాని అడిగింది. సంతకం చెక్కుచెదరలేదు. ఎందుకో ఆవిడకి అది చూసి చాలా బాధేసింది.

సోమవారం బస్తాలు దిగాయి. అగ్లయ బట్టీ ముట్టించి, ఏప్రాన్ కట్టుకుని, పిండీ ఉప్పూ ఈస్టూ వేసి నీళ్ళు పోసింది. అలవాటు కొద్దీ ఇంకో చెంబు కూడా పోసింది. పిండి జారుగా అయిపోయి వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది. తొట్టిలో మోచేతుల దాకా చేతులు పెట్టుకుని, అతను తాగని ఆ చెంబెడు నీళ్ళ కోసం వెక్కివెక్కి ఏడ్చింది. ఆ తర్వాత ఇంకో నాలుగు దోసిళ్ళ పిండి వేసి, మళ్ళీ కలపడం మొదలుపెట్టింది.