రాయి దగ్గర ఆగే మనిషి

"పిల్లలూ పెద్దలూ ఎవరైనా హాయిగా తొక్కగలిగే దారి" అని అద్దె సైకిళ్ల షాపు గోడ మీద రాసి ఉంది. ఆ మాట రాసినవాళ్లు మా ఆయన వెనకాల ఎప్పుడూ తొక్కి ఉండరు.

దారి మాత్రం నిజంగా సులువే. ఎత్తుపల్లాలు లేవు. ఒకప్పుడు రెండు సైన్యాలు తలపడిన మైదానం అది. ఇప్పుడు అటూ ఇటూ చేలు, మధ్యలో సన్నటి తారు బాట. అక్కడక్కడా ఒక రాయి, దాని పక్కన ఒక బోర్డు: ఇక్కడ ఫలానా దళం నిలబడింది, ఇక్కడ ఫలానావాడు పడిపోయాడు. రిటైరైన దగ్గర్నుంచి మా ఆయనకు ఈ యుద్ధమే ఉద్యోగం. భోజనాల బల్ల నిండా మ్యాపులు పరుచుకుని కూర్చుంటారు. కంచాలు పెట్టాలంటే నేను ఓ నదిని మడిచి, ఓ కోటను పక్కకు జరపాలి.

ఆయన ఎవరికోసమూ ఆగని మనిషి అనుకోకండి. ప్రతి రాయి దగ్గరా ఆగుతారు. బోర్డు చదువుతారు, నీళ్లు తాగుతారు, అలుపు తీర్చుకుంటారు. నేను రొప్పుకుంటూ చేరేసరికి "వచ్చేశావా? పద మరి" అని పెడల్ మీద కాలు వేస్తారు. ఆయన లెక్కలో అది నాకోసం ఆగడమే. ఇన్నేళ్ల కాపురంలో నాకు బాగా పరిచయమైంది ఆయన వీపు.

ఆరోజు నేను ఆయనకు ఒక మాట చెప్పాలి. మా చెల్లెలికి వేరే ఊళ్లో కుట్టు దుకాణం ఉంది. పని పెరిగింది. "నువ్వొచ్చి కటింగ్ చూసుకో అక్కా, మేడమీద గది నీదే" అంటోంది. సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చకపోతే ఆ గది అద్దెకిచ్చేస్తుంది. వెళ్లాలని నాకుంది. "వెళ్లకు" అని ఆయన ఒక్కసారి అంటే ఉండిపోవాలనీ ఉంది. ఇంట్లో చెప్పబోతే, "ఒక్క నిమిషం, ఈ వంతెన ఎక్కడుండేదో చూడనీ" అన్నారు. ఆ వంతెన కూలి వందల ఏళ్లయింది. అయినా ఆయనకు నా మాటకన్నా దాని సంగతే తొందర.

అందుకే సైకిళ్ల మీద వెళ్దామని నేనే అన్నాను. బయటికొస్తే మ్యాపులు అడ్డం రావుగా.

మొదటి రాయి దగ్గర "ఏమండీ, మా చెల్లి..." అన్నాను.

"వచ్చేశావా? పద మరి."

రెండో రాయి దగ్గర సైకిల్ దిగకుండానే "మీతో ఒక మాట..." అన్నాను.

"చెప్పు చెప్పు, తొక్కుతూ చెప్పు" అంటూ ముందుకు వెళ్లిపోయారు. ఎదురుగాలి. నా మాట నా నోట్లోకే తిరిగొచ్చింది. మూడో రాయి దగ్గర నోరు తెరవడానికే ఊపిరి లేదు.

నాలుగో రాయి దగ్గరికి నేను చేరాను, ఆయన కదిలారు. నేను కదల్లేదు. సైకిల్‌కు స్టాండ్ వేసి, అక్కడున్న బెంచీ మీద కూర్చున్నాను. ఆయన నీలం చొక్కా చిన్నదవుతూ పోయి మలుపులో మాయమైంది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ఎందుకు చూస్తారు? వెనకాల నేను ఉంటానుగా.

చుట్టూ నరమానవుడు లేడు. గాలికి బోర్డు కిర్రుమంటోంది. ఏనాడూ చదివే తీరిక చిక్కలేదు కదా అని చదివాను. ఒకప్పుడు ఇక్కడున్న చెట్ల తోపులో ఒక పటాలాన్ని దాచిపెట్టారట. జెండా ఊపగానే వచ్చి శత్రువు మీద పడమన్నారట. పొద్దుగూకేదాకా ఎవరూ ఊపలేదు. వీళ్ల సంగతే మరిచిపోయారు. ఇక వీళ్లు వంట చేసుకుని, తిని, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారట. మా ఆయన ఆ పటాలం పేరెత్తితే చాలు "ద్రోహులు!" అని పళ్లు నూరుతారు. రోజంతా కాచుక్కూర్చున్నారన్న ముక్క మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

చెల్లెలికి ఫోన్ చేశాను.

"ఏంటక్కా, బావగారు ఏమన్నారు?"

"ఇంకా వినలేదు."

"ఆయనకి దండోరా వేయించాలా ఏంటి?"

"గది ఎవరికీ ఇవ్వకే. వస్తున్నా."

"ఏడుస్తున్నావా?"

"లేదే. కూర్చున్నా. ఎన్నాళ్లకో."

చాలాసేపటికి నీలం చొక్కా మలుపులో కనిపించింది. ఆయన ముఖం నావైపు వస్తుండటం వింతగా ఉంది. చెమటలు కారుతున్నాయి.

"ఏమైంది? పంచరా? పడ్డావా?"

"ఏం కాలేదు."

"మరి? ఎంతసేపని చూడను అక్కడ?"

"వచ్చేశారా? పదండి మరి" అని సైకిల్‌ని షాపు వైపు తిప్పాను. అలుపు తీరినవాళ్లకు ఆ మాట ఎంత తేలిగ్గా వస్తుందో అప్పుడు తెలిసింది.

కాలు పెడల్ మీద ఉంచి చెప్పేశాను. "చెల్లి దగ్గరికి వెళ్తున్నానండీ. దాని దుకాణంలో పనికి. ఇక అక్కడే ఉంటాను."

ఆయన హ్యాండిల్ మీదకు వంగి నావైపు చూశారు. తర్వాత బోర్డు వైపు చూశారు.

"ఒక్క నిమిషం" అన్నారు.

ఊపిరి అందక అన్నారో, అలవాటు కొద్దీ అన్నారో తెలియదు. నిజంగానే ఆగాను, నిమిషం కన్నా ఎక్కువే. ఆయన నీళ్ల సీసా మూత తీసి, తాగి, మళ్లీ బిగించారు.

నేను తొక్కాను. తిరుగు దారిలో గాలి వెనకనుంచి వీస్తోంది. పిలిస్తే వినపడేదే.