మూడో పిలుపు

గిద్దలూరుకు పడమటి కొండల్లో గద్దబండ అని ఒక నిట్టనిలువు రాయి ఉంది. ముసురు రోజుల్లో దాని జోలికి పోకూడదని మేకలకు కూడా తెలుసు. కానీ గుంటూరు నుంచి వచ్చిన ట్రెక్కింగ్ వాళ్లకు ఆ ఆదివారమే తీరిక దొరికింది. జనాన్ని కొండ ఎక్కించడమే పనిగా పెట్టుకున్న ఏబేలు, రమణ కాదనలేకపోయారు. చర్చి ఎగ్గొడుతున్నందుకు మగ్దలీనమ్మ కొడుకు ఏబేలును పొద్దున్నే దులిపేసింది కూడా.

మధ్యాహ్నానికల్లా అందరూ బండ ఎక్కి దిగారు. తుంపర మొదలయ్యేసరికి ఇక చాలనుకున్నారు. పైన చెట్టుకు కట్టిన తాడు విప్పుకు రావడం ఒక్కటే మిగిలింది.

"నువ్వు వీళ్లను చూసుకోరా, నేను పోయొస్తా" అని రమణ బండ వెనక మేకల దారిన బయల్దేరాడు. నడిచే దారికి ఇదెందుకని హెల్మెట్ తీసి కింద పెట్టి మరీ పోయాడు. మేకల కాపరి అంకన్న కొడుకు, ఈ కొండలో మేకల వెంట పెరిగినవాడు. వాడికి జాగ్రత్తలు చెప్పేంత మొనగాడెవడు?

అంతలో మబ్బు కిందికి దిగింది. పక్కనున్న మనిషి కూడా మసగ్గా కనబడుతున్నాడు.

"ఏబేలూ!"

పిలుపు సన్నగా ఉంది. ఎటు నుంచో తెలియడం లేదు గాని, రమణ పోయిన దారి వైపు నుంచి మాత్రం కాదు. ఏబేలు నోరు తెరిచి, మూసుకున్నాడు.

ఈ కొండల్లో మేకలు కాసేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. కనపడని మనిషి పిలిస్తే మూడో పిలుపుకు గాని పలకకూడదు. దయ్యం రెండుసార్లే పిలుస్తుందట, పలికితే వెంట తీసుకుపోతుందట. ఏబేలు ప్రభువును నమ్ముకున్నవాడే. దయ్యాలు తననేమీ చేయలేవని చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పినవాడే. కానీ చిన్నప్పుడు రమణతో కలిసి అంకన్న మేకల వెంట తిరిగాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు.

"ఏబేలూ..."

"మిమ్మల్నే పిలుస్తున్నారు, పలకండి" అంది గుంటూరు వాళ్లను వెంటబెట్టుకొచ్చిన సుచరిత.

"ఉండండి మేడం. ఇంకొకసారి పిలవనీ."

పిలవలేదు. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు ఏబేలు "రమణా! రే రమణా!" అని గొంతు చించుకున్నాడు. బదులు లేదు. బండకు రెండు పక్కలా రెండు లోయలు. తను పలికి ఉంటే రమణ మళ్లీ అరిచేవాడు, ఏ పక్కో తెలిసేది. ఇప్పుడెవర్ని అడగాలి? సుచరిత సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని కిందికి పరిగెత్తింది. ఏబేలు ఎడమ లోయలోకి దిగి, ముళ్లకంపల్లో పడి లేస్తూ అంతా వెతికాడు. రమణ లేడు.

కేకలు విని, దిగువన మేకలు తోలుకుపోతున్న అంకన్న పరుగున వచ్చాడు. ఇద్దరూ కుడి లోయలోకి దిగేసరికి రమణ రాళ్ల మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు. తల పగిలింది. ఒళ్లింకా వెచ్చగానే ఉంది, ఊపిరి లేదు.

అంకన్న కొడుకు తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"వాడు పిలవలేదా నాయనా?" అన్నాడు చివరికి.

అబద్ధం ఆడొచ్చు కదా అనిపించింది ఏబేలుకు. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"పిలిచినాడు మామా. రెండుసార్లు. మూడోసారి పిలుస్తాడని చూస్తా ఉంటి."

కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండుననీ అనుకున్నాడు. అంకన్న కొట్టలేదు. రమణ మొహం మీది వాన నీళ్లను తువ్వాలుతో తుడిచాడు.

"నేనైనా పలికేవాణ్ణి కాదులేరా. వానికీ తెలుసు గదా, మూడుసార్లు పిలిస్తే గాని ఎవురూ పలకరని. ఆ మూడోదానికి ఊపిరి చాల్లేదు బిడ్డకు."