వాన తగలని కొండ

మా కోడలు ఇంట్లో కూర్చునే కంప్యూటర్‌లో కొండలు చేస్తుంది. ఆటలు తయారుచేసే కంపెనీలో ఆమె పని అదే. ఖాళీ తెర మీద నేల పరిచి, దాన్ని పైకి లాగి కొండ చేసి, గడ్డి మొలిపించి, ఇళ్లు నిలబెడుతుంది. ఆట ఆడేవాళ్లు అందులో తిరుగుతారు.

ఆ వారం చేసిన కొండను పైఅధికారి రెండుసార్లు తిప్పి పంపాడు. బొమ్మలా ఉందన్నాడు గానీ ఎక్కడో చెప్పలేదు. సాయంత్రంలోగా కుదరకపోతే పని ఇంకొకరికి ఇస్తానన్నాడు. పొద్దుటి నుంచీ ఆ పిల్ల రంగులు మారుస్తూనే ఉంది. అన్నం ముట్టలేదు.

"మామయ్యా, మీరొకసారి చూడండి" అంది.

"ఆయన్ని అడుగుతున్నావా? నోట్లోంచి మాట రావాలంటే పట్టకారు పెట్టి లాగాలి" అంది వంటింట్లోంచి నా భార్య.

నేను ముప్పై ఏళ్లు కాలువలు తవ్వినవాణ్ణి. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. శిఖరం కత్తి మొనలా బాగుంది. కింద వాగు వంకర్లు తిరుగుతోంది. దాని వెంబడే చూసుకుంటూ పోయాను. సగం దూరంలో ఒక మిట్ట అడ్డొచ్చింది. వాగు ఆ మిట్టెక్కి అవతలికి దిగింది.

"నీళ్లు మిట్టెక్కుతున్నాయమ్మా" అన్నాను.

ఆమె తెరకు ముక్కు ఆనించి చూసింది. వాగును తానే గీసిందట. వాన కురిపించే ఏర్పాటు కూడా అందులో ఉందట. వేల ఏళ్ల వాన కొద్ది నిమిషాల్లో కురిసి, మట్టిని కోసి, వాగు దారి వాగే వెతుక్కుంటుందట. మరెందుకు కురిపించలేదంటే తల దించుకుంది. నాలుగు రోజులు కూర్చుని చెక్కిన శిఖరం అరిగిపోతుందని భయం.

"అరగనీ. వాన తగలని కొండ ఎక్కడైనా ఉంటుందా?"

ఆమె మీట నొక్కింది. శిఖరం మొన విరిగింది, భుజాలు జారాయి. ఆమె చూడలేక నా వైపు తిరిగింది. నేను మాత్రం చూస్తూనే ఉన్నాను. నీళ్లు మిట్టను వదిలేసి ఎడమకు మళ్లి, సరిగ్గా ఆమె కట్టిన పదకొండు ఇళ్ల మధ్య నుంచి పోయాయి.

"కొంప ముంచారు మామయ్యా" అంది, నవ్వుతూనే.

ఇళ్లు ఎక్కడుండాలో వేలితో చూపించాను. బిందె మోసుకొచ్చేంత దగ్గర, వరద అందనంత ఎత్తు. ఒక్కొక్కటే తీసి అక్కడ పెట్టింది. పంపించేసి అప్పుడు అన్నానికి కూర్చుంది.

సగంలో ఉండగానే జవాబొచ్చింది. కొండ ఖాయమట. పక్కనే వచ్చే రెండు కొండలూ ఆమెనే చెయ్యమన్నాడట. ఇళ్లకు చోటు భలే కుదిరింది, ఏ సాఫ్ట్‌వేర్ వాడావని అడిగాడట.

"ఏం రాశావు?"

"పార అని రాశాను."

నా భార్యకు నవ్వుతో పొలమారింది. రెండో కొండ దగ్గర నేల ఎటు వాలిందో నేను అడిగాను.